ఫోనులో కనిపించే కొత్త పేర్లు



"ఇదేందక్కా, నేనైతే ఎక్కియ్యలేదు. నా ఫోన్‌ల ఎవరన్న జొచ్చిండ్రా?" మా పెగడపల్లి వైపు ఆడవాళ్ళ నోట ఈ మధ్య తరచు వినబడే మాట ఇది. ఫోనులో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ సేఫ్టీకోర్' వంటి పేరు కనబడేసరికి గుండె గుభేలుమంటుంది. భయపడటంలో వింత లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళ మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆ ఇళ్ళలో ఫోనంటే భర్త గొంతు, బ్యాంకు పద్దు, పిల్లల ఫోటోలు అన్నీను.

అసలు సిస్టమ్ యాప్ అంటే ఏమిటి? వంటింట్లో మన చేతికి తగిలేవి గిన్నెలూ గరిటెలూ. గోడలోని కరెంటు తీగ, నేలకింద నీళ్ళ గొట్టం కంటబడవు. కాని అవి లేకపోతే పొద్దు గడవదు. సిస్టమ్ యాప్‌లు ఆ బాపతువే. 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' ఉంది, చూడండి. ఇతర యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించడం దాని పని. 2021 మార్చిలో దానిలో లోపం వచ్చి, ఎన్నో దేశాల్లో జీమెయిల్ వంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. అందుచేత పేరు తెలియదు కదా అని కనబడినదల్లా తీసెయ్యకూడదు.

ఇక సేఫ్టీకోర్ సంగతి. 2024 చివరినుంచి ఇది ఫోన్లలో చేరుతూ వచ్చింది. గూగుల్ మెసేజెస్‌లో ఎవరైనా అసభ్యమైన బొమ్మ పంపితే, దాన్ని మసకచేసి హెచ్చరించడానికి తోడ్పడుతుంది. ఈ పరిశీలన ఫోనులోనే జరుగుతుందనీ, బొమ్మలు బయటికి పోవనీ గూగుల్ చెప్పింది. వద్దనుకున్నవారు తీసివేసుకోవచ్చు. కాని ఇంటివారిని అడక్కుండా లోపలికి రావడమేమిటన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

అడగడం మన హక్కు. 2018 ఆగస్టులో మన దేశంలో ఎందరి ఫోన్లలోనో ఆధార్ సంస్థ పేరుతో ఒక నంబరు దానంతటదే ప్రత్యక్షమైంది. తాము పెట్టించలేదని ఆ సంస్థ ప్రకటించింది. 2014లో ఫోను తయారీదారులకు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అది పొరపాటున చేరిందని గూగుల్ ఒప్పుకున్నది. జనం గట్టిగా అడిగారు కనుకనే జవాబు వచ్చింది.

అయితే ఒక్క మాట మనసులో పెట్టుకోండి. దొంగ సాధారణంగా తెలియని పేరుతో రాడు, మనకు బాగా తెలిసిన పేరుతోనే వస్తాడు. పెళ్ళిపత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది పత్రికా కాదు, చలానా కాదు, ఒక యాప్. దాన్ని ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చామా, మనకొచ్చే ఓటీపీలు వాడు చదువుతాడు. తెలిసినవారి నంబరునుంచి వచ్చినా నమ్మరాదు. వారి ఫోను కూడా మోసగాళ్ళ చేతిలో పడి ఉండవచ్చు.

కొత్త పేరు కనబడితే ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో యాప్‌లు తెరిచి, ఆ పేరు మీద నొక్కండి. అది ప్లే స్టోర్‌నుంచి వచ్చిందా అన్నది చాలా ఫోన్లలో కింద కనిపిస్తుంది. అక్కడినుంచి స్టోర్‌లోకి వెళ్ళి తయారీదారు పేరు చూడండి. ఫోనుతోపాటే వచ్చిన కొన్నింటికి ఈ వివరం ఉండకపోవచ్చు. తరువాత అనుమతులు చూడండి. పెళ్ళిపత్రికకు మన మెసేజీలు చదివే పనేమిటి? అలాంటిదాన్ని వెంటనే తీసెయ్యండి. డబ్బు పోయిందంటే సిగ్గుపడి దాచకుండా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మధ్యాహ్నం తీరిక చిక్కినప్పుడు ఒక్క పది నిమిషాలు ఈ పని మీద కూర్చోండి. పక్కన కూతురో కొడుకో ఉంటే మంచిదే. కాని నొక్కే వేలు మాత్రం మీదే కావాలి.

సెలవు.