మళ్లీ తప్పు చేస్తాడా? స్కోరును ఎంతవరకు నమ్మాలి?

జైలు నుంచి బయటికొచ్చిన మనిషి మళ్లీ నేరం చేస్తాడో లేదో సాఫ్ట్‌వేర్ చెప్పగలదా? ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

అమెరికాలో కాంపాస్ అనే టూల్ ఉంది. వయసు, పాత కేసుల్లాంటివి చూసి 1 నుంచి 10 వరకు స్కోరిస్తుంది. 2016లో ప్రోపబ్లికా జర్నలిస్టులు ఫ్లోరిడాలోని ఒక కౌంటీలో 7,000 మందికి పైగా స్కోర్లు తీసి చూశారు. రెండేళ్లలో మళ్లీ కేసుల్లో పడని నల్లజాతి వాళ్లలో దాదాపు 45 శాతం మందికి ‘రిస్క్ ఎక్కువ’ అనే ముద్ర పడింది. తెల్లవాళ్లలో ఇది 23 శాతమే. కంపెనీ ఒప్పుకోలేదు. ‘ఒకే స్కోరు వచ్చినవాళ్లు, ఏ జాతైనా, ఇంచుమించు ఒకే స్థాయిలో మళ్లీ దొరుకుతున్నారు’ అంది. లెక్కలో అదీ తప్పు కాదు.

2018లో ఇద్దరు పరిశోధకులు ఇంకోటి తేల్చారు. ఆ టూల్ చెప్పింది నిజమయ్యేది దాదాపు 65 శాతం సార్లే. వయసు, పాత శిక్షల సంఖ్య, ఈ రెండిటితోనే లెక్కేసినా అంతే వచ్చింది!

కోడ్ రాసినవాడిగా నాకు కనిపించే అసలు తిరకాసు వేరే ఉంది. మోడల్‌కి నేరం కనబడదు. అరెస్టు మాత్రమే కనబడుతుంది.

మా పాన్‌గల్‌లో ఇద్దరు కుర్రాళ్లు పేకాట ఆడారనుకోండి. ఒకడి మీద పాత కేసుంది కాబట్టి పోలీసులు వాడింటికే వెళ్తారు. వాడు దొరుకుతాడు, రెండోవాడు దొరకడు. వాడి స్కోరు పెరుగుతుంది, నిఘా పెరుగుతుంది, మళ్లీ వాడే దొరుకుతాడు. మోడల్ ‘చూశారా, నేను ముందే చెప్పా’ అంటుంది.

మనకెందుకీ గొడవ అంటారా? 2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు ‘సకల నేరస్థుల సమగ్ర సర్వే’ చేశారు. పాత నేరస్థుల ఇళ్లకెళ్లి వివరాలు తీసుకుని, ఇళ్లను జియో ట్యాగ్ చేశారు. అది స్కోరు కాదు. కానీ రేపు ఎవరైనా స్కోరు తయారుచేస్తే ముడిసరుకు ఇలాంటి డేటానే.

కంప్యూటర్ లేకుండానే మన దగ్గర ఇలాంటి స్కోరు నడిచింది. 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులంది. స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను పెట్టిన సెటిల్‌మెంట్ ఆ చట్టం నీడలో పుట్టిందే. 1952లో చట్టం పోయింది, ఊరికి అంటుకున్న పేరు పోలేదు. జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది 2024 అక్టోబరులో!

కాలమ్ తీసేస్తే సరిపోతుందా? పిన్‌కోడ్ ఉంటే చాలు, మోడల్ మిగతాది పట్టేస్తుంది.

అందుకే ఎవరైనా ‘ఏఐ చెప్పింది’ అంటే మూడు అడగండి. ఏ డేటాతో నేర్పారు? తప్పయితే ఎవరికి నష్టం? ఆ మనిషి తన స్కోరును సవాలు చేయగలడా? మూడోదానికి జవాబు లేకపోతే, మిగతా రెండూ ఎంత బాగున్నా నేనైతే నమ్మను.

మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.