బంగారం ఎవరికి? దుమ్ము ఎవరికి?

(జిల్లా సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

గుట్టల్లో బంగారం వెతుకుతున్నారంట, మన బతుకులు బాగుపడతాయా అని చాలామంది అడుగుతున్నారు. దీనికి జవాబు కోలారు చెబుతుంది. మన చిత్తూరు పొలిమేర దాటితే కోలారే.

ముందు బంగారం సంగతి. దాదాపు 270 కోట్ల ఏళ్ళ కింద అక్కడ అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ రాయి పగుళ్ళలోంచి వేడినీళ్ళు పైకొస్తూ బంగారాన్ని, దానితోపాటు కొద్దిగా వెండిని మోసుకొచ్చి తెల్ల పలుగురాయిలో వదిలిపెట్టాయి. మన రామగిరి, జొన్నగిరి, చిగురుకుంటల్లోనూ ఇట్లాంటి పాత లావా రాళ్ళే. అందుకే వెతికేవాళ్ళు ముందు నల్లరాయిలో పలుగు చార చూస్తారు, మట్టి నమూనా తీస్తారు, తర్వాత బోరు దింపి లోపలి రాయిని కడ్డీలాగా బయటికి లాగి పరీక్ష చేస్తారు.

1880లో కోలారులో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 120 ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం తీశారు. తీసిందెవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నించి వచ్చిన పరయ కులస్తులు. మన చిత్తూరు పల్లెల నించి పోయినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో దొర వెట్టి తప్పించుకుందామని పోయి, రెండు మైళ్ళ లోతుకు దిగారు. రాయి పేలి చచ్చినవాళ్ళు కొందరు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చచ్చినవాళ్ళు మరికొందరు. శివసముద్రం నించి కరెంటు 1902లోనే గనికి వచ్చింది, బెంగళూరు వీధులకంటే మూడేళ్ళు ముందు. కూలీ మాత్రం తడికె గుడిసెలోనే ఉన్నాడు.

అయినా మనవాళ్ళు తల వంచలేదు. అయోతీదాసు పండితుల బౌద్ధ సంఘం 1907లోనే మారికుప్పంలో శాఖ పెట్టింది. 1930లో వేలిముద్రలు వెయ్యాలని హుకుం ఇస్తే వేలాదిమంది పని ఆపేశారు. దొంగల్లాగా మాకు ముద్రలేంది అన్నదే ఆ సమ్మె సారం.

2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. రామగిరి, చిగురుకుంట గనులూ ఆ ఏడే మూతపడ్డాయి. రాయిని పిండి చేసి సైనైడు నీళ్ళలో బంగారం కరిగించుకున్నాక మిగిలిన బూడిద 13 దిబ్బలుగా, దాదాపు 3.3 కోట్ల టన్నులు, కోలారు కార్మికుల ఇళ్ళ పక్కన ఉండిపోయింది. గాలి లేస్తే ఆ దుమ్ము వాళ్ళ కూటికుండలో పడుతుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం మళ్ళీ తవ్వటానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. బంగారం మళ్ళీ లెక్కకొచ్చింది. కార్మికుడు వచ్చాడా?

అందుకే గని వద్దు, గని కావాలి అనేముందు మనం నాలుగు మాటలు నేర్చుకోవాలి.

ఒకటి. బోరు మిషను వస్తే ఏ శాఖ పంపింది, అనుమతి కాగితం ఏదని అడగండి. వెతకటం వేరు, తవ్వటానికి లీజు వేరు.

రెండు. పట్టా కాగితం భద్రం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకుంటే సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమి కుటుంబమూ, ముందు మూడేళ్ళుగా ఆ నేల మీదే బతికిన కూలీ, కౌలుదారూ బాధితుల లెక్కలోకే వస్తారు. పట్టాదారుకే డబ్బు అంటే నమ్మకండి.

మూడు. 2015 నించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉంది. గని దెబ్బ తిన్న ఊళ్ళకు ఆ డబ్బు చేరాలి. లెక్క గ్రామసభలో చదివించండి.

నాలుగు. బూడిద ఎక్కడ పోస్తారో తవ్వకముందే తేల్చుకోండి. మాల మాదిగ వాడల పక్కన అంటే ఒప్పుకోవద్దు.

బంగారం తీసినవాడికి బంగారంలో వాటా రాలేదు, దుమ్ములోనే వాటా వచ్చింది. ఈసారి లెక్క ముందే అడుగుదాం. జై భీమ్!