సైకిలు పక్కన ఏడడుగుల పలక
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళొచ్చారు కదా, పది నిమిషాలు మాట్లాడండి అన్నారు కార్యదర్శిగారు. అక్కడి రోడ్ల గురించీ షాపుల గురించీ ఇదివరకే నలుగురు చెప్పారు. నేను అక్కడ చేసిన పని ఒక్కటే చెబుతాను. మా మనవడి సైకిలుకు సర్ఫ్‌బోర్డు మోసే కొక్కేల స్టాండు ఒకటి కట్టాను. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో పంచింగ్ మిషన్ తప్ప వేరే పనిముట్టు పట్టనివాణ్ణి, కాబట్టి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మా అమ్మాయి కుటుంబం ఉండేది కాలిఫోర్నియాలో శాంతాక్రూజ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో. అక్కడివాళ్ళకి అలల మీద పలక వేసుకుని నిలబడి జారడం ఒక పిచ్చి. 1885లో హవాయి రాజవంశానికి చెందిన ముగ్గురు అన్నదమ్ములు చదువుకోసం ఆ ప్రాంతానికి వచ్చి, అక్కడి రెడ్‌వుడ్ చెక్కతో పలకలు చేయించుకుని, నది సముద్రంలో కలిసేచోట జారారట. అమెరికా ప్రధాన భూభాగంలో ఆ ఆటకు అదే మొదలని చెప్పుకుంటారు. ఒడ్డున లైట్‌హౌస్‌లో 1986 నుంచి దీనికో మ్యూజియం కూడా ఉంది. ఆ పాత చెక్కపలకలు చూస్తే మన పెరటి తలుపులే గుర్తొచ్చాయి నాకు. ఇప్పటివి నురగలాంటి పదార్థంతో చేసినవి, తేలిక. మావాడిది ఏడడుగుల పొడవు, ఇరవై రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. బరువు ఐదు కిలోల లోపే.

బరువుతో చిక్కు లేదు, చిక్కంతా పొడవుతోనే. ఇంటికీ సముద్రానికీ రెండు మైళ్ళు. అల్లుడుగారు తెల్లవారకుండానే కొండదాటి శాన్‌హోసే వైపు ఉద్యోగానికి పోతారు, కారు ఉండదు. మావాడు పలకను చంకలో ఇరికించుకుని ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని పోయేవాడు. మేం వెళ్ళిన మూడోవారం పడ్డాడు. మోకాలూ మోచెయ్యీ గీసుకుపోయాయి. వెనక కారు రాలేదు, దేవుడి దయ.

ఆ సాయంత్రం మా అమ్మాయి, "ఈ పలక అమ్మేస్తున్నాం, ఇక మాట్లాడకు" అంది వాడితో. వాడు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. నేను సమర్థిస్తూ ఏదో అనబోయాను. అమ్మాయి నావైపు చూసి, "మీరు నా సైకిలు అమ్మేసినప్పుడు ఇదే మాట అన్నారు నాన్నా" అంది. కోపంగా కూడా అనలేదు.

నిజమే. దానికి ఎనిమిదో తరగతిలో లేడీస్ సైకిలు కొన్నాను, ఇన్‌స్టాల్‌మెంట్ల మీద. బజారు మలుపులో రిక్షాకి తగిలి పడింది. చెయ్యి విరగలేదు, బెణికింది. మర్నాడే సైకిలు అమ్మేశాను, కొన్న ధరలో సగానికి. ఆ పైన కాలేజీ చదువంతా బస్సు కోసం నిలబడే చదివింది. నలభై ఏళ్ళ కిందటి మాట. అది మరిచిపోయిందనుకున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టక మన ఊళ్ళ సైకిళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. రెండువైపులా పాలక్యాన్లు తగిలించుకుని పోయే పాలవాడు. క్యారియర్‌కు కొక్కెం వేసి పక్కకు సిలిండర్ వేలాడదీసే గ్యాస్ కుర్రాడు. మార్చి నెలాఖర్లో బిల్లుల కట్టలు ట్యూబు ముక్కలతో క్యారియర్‌కు బిగించి ట్రెజరీకి తొక్కిన నేనూ. వీళ్ళెవరూ సరుకు చంకలో పెట్టుకోలేదు కదా అనిపించింది.

మర్నాడు వాడి దగ్గర టేపు అడిగితే, "వద్దులే తాతయ్యా" అన్నాడు. అయినా వచ్చాడు. హార్డ్‌వేర్ షాపులో అంగుళం పీవీసీ పైపు, ఎల్బోలు, టీలు, స్క్రూతో బిగించే హోస్ క్లాంపులు, జిగురు కొన్నాం. అక్కడ కొలతలన్నీ అడుగులూ అంగుళాలే, నాకు హాయి. సైకిలు షాపులో పారేసే పాత ట్యూబు అడిగితే ఊరికే ఇచ్చారు.

పద్ధతి చెబుతాను. రెండు చేతులుండాలి. ఒకటి సీటు కింది రాడ్డుకు, రెండోది హ్యాండిల్ దగ్గర మధ్య రాడ్డుకు. ఒక్కొక్కటి పక్కకు వచ్చి, కిందికి దిగి, మళ్ళీ బయటికి తిరిగి, కొసన పైకి లేవాలి, గొడుగు కర్ర వంకీ లాగా. పలక ఆ వంకీల్లో నిలువుగా, అంచు మీద నిలబడుతుంది. రెండు చేతుల్నీ కలుపుతూ రెండడుగుల పైపు ఒకటి అడ్డంగా వెయ్యాలి, లేకపోతే ఒక్కో చెయ్యి ఒక్కోవైపు తిరిగిపోతుంది. క్లాంపు కింద ట్యూబు ముక్క చుడితే జారదు, రంగూ పోదు. వంకీల్లో స్పాంజి తొడుగు. పైన బెల్టు.

మొదటిసారి చెయ్యి ఎనిమిదంగుళాలే పెట్టాను. మావాడు తొక్కబోతే బూటు పలకకు రాసుకుంది. అడుగు పెట్టాల్సివచ్చింది. అది చిన్న తప్పు.

పెద్ద తప్పు వేరే ఉంది. స్టాండును ఎడమవైపు బిగించాను. మన అలవాటు అది, మనం రోడ్డుకు ఎడమన పోతాం, సామాను అంచువైపు ఉండాలి. అక్కడ బళ్ళు కుడిపక్కన పోతాయి! ఎడమన కడితే పలక సరిగ్గా కార్ల దారిలోకి పొడుచుకొస్తుంది. పైగా సైకిలు ఎక్కేది ఎడమనుంచే, అక్కడ పలక ఉంటే కాలెత్తేదెలా? జిగురు పట్టేసింది. మావాడు నవ్వాడు, నేను వెళ్ళాక మొదటిసారి నాతో కలిసి నవ్వాడు. అంతా కోసి, కొత్త టీలు తెచ్చి, కుడివైపు మళ్ళీ కట్టాం. ఇరవై డాలర్లు దండగ. మా ఆవిడ దాన్ని రూపాయల్లోకి మార్చి రెండురోజులు వినిపించింది.

ఈసారి జిగురు పూర్తిగా ఆరనిచ్చాం. తరువాత వంకీల్లో ఇరవై పౌండ్ల సోనామసూరి బియ్యం సంచి కట్టి రాత్రంతా వదిలేశాం. పలకకు రెట్టింపు బరువు. తెల్లారి చూస్తే వంకీలు వంగలేదు. ఆ సంచి విప్పుతూండగా మా అమ్మాయి కాఫీతో బయటికొచ్చి, కాసేపు నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది.

వీధిలో తొక్కిచూస్తే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. బరువంతా ఒకవైపే కాబట్టి బండి కుడికి లాగుతుంది. ఆ చలినీళ్ళలోకి దిగడానికి రబ్బరు దుస్తులు వేసుకుంటారు, వాటి సంచీ క్యారియర్‌కు ఎడమన కడితే చాలావరకు సరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు అవి తడిసి బరువెక్కుతాయి, అది చూసుకోవాలి. రెండోది గాలి. పక్కగాలికి పలక తెరచాప అయిపోతుంది. ఆ ఊళ్ళో మధ్యాహ్నం గాలి జోరు, పొద్దున తక్కువ. అలలు కూడా పొద్దుటే బాగుంటాయట. గాలి లేస్తే దిగి నడిపించుకు రావాలని షరతు పెట్టాను, ఒప్పుకున్నాడు.

ఇక అమ్మాయిని ఒప్పించాలి. గుమాస్తాకి తెలిసిన ఉపాయం ఒక్కటే, రిజిస్టరు. ఒక నోటుబుక్కుకి గీతలు గీశాను. తేదీ, క్లాంపుల బిగువు, జిగురు అతుకులు, బ్రేకులు, టైర్ల గాలి, తనిఖీ చేసినవారి సంతకం. వారానికోసారి నింపాలి. నింపని వారం పలక కదలదు. అమ్మాయి ఆ పుస్తకం తిరగేసి, "ఇన్స్పెక్షన్ రిమార్క్స్ కాలమ్ లేదే" అంది. అదే ఆవిడ శాంక్షనని తీసుకున్నాను.

మొదటిరోజు వెనకాల అమ్మాయీ నేనూ కారులో, సైకిలు కంటే నెమ్మదిగా పోయాం. వాడు ఒడ్డుకు చేరి, పలక విప్పి, చెయ్యి ఊపి నీళ్ళలోకి దిగాడు. నాకు అలల కంటే క్లాంపుల మీదే ధ్యాస. అమ్మాయి మాత్రం ఆ సైకిలు చుట్టూ తిరిగి, సీటు ఎత్తు చూసి, బ్రేకు ఒకసారి నొక్కి వదిలింది.

లైఫ్ సర్టిఫికెట్ వేళకు వచ్చేశాం. ప్రతి ఆదివారం రిజిస్టరు పేజీ ఫోటో తీసి మావాడు నా ఫోనుకు పంపుతాడు. మొన్నటి పేజీలో కొత్తగా గీత గీసి రెండో సైకిలుకు కాలమ్ పెట్టారు. దాని బ్రేకులకీ టైర్లకీ ఎదురుగా ఉన్న సంతకం మా అమ్మాయిది.