అప్పుకు ముందు పరీక్ష: విదేశీ వీసా, ఆరోగ్యం
(రోగుల బంధువులకు చెప్పిన ఆరోగ్య ప్రసంగ పాఠం)





వార్డులో మందులు ఇచ్చేటప్పుడు మీలో చాలామంది మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టరు గారూ, మావాడు మళ్ళీ కువైట్ వెళ్ళగలడా? మెడికల్ పాసవుతాడా?" రోగం ఎప్పుడు తగ్గుతుందని అడగకముందే ఈ మాట అడిగేవారు కూడా ఉన్నారు. అందులో తప్పు లేదు. ఇల్లు గడవాలి, పిల్లల చదువులు సాగాలి, ఆడపిల్ల పెళ్ళి చేయాలి. కడప, గోదావరి జిల్లాలవారు కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవారు దుబాయ్, సౌదీలకు బ్రతుకుతెరువు కోసం వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే.

ఈ రోజు మీకు చెప్పదలచినది ముఖ్యంగా ఒక్కటే. అప్పు చేయకముందే ఆరోగ్య పరీక్ష చేయించండి. రోగం ఉన్నట్లు తేలితే వైద్యం పూర్తి చేయించి, ఆ తరువాతనే ప్రయాణం సంగతి చూడండి. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. పరదేశం వెళ్ళేవారు చూసుకోవలసిన లెక్కలో డబ్బుతోపాటు శరీరం కూడా ఉంది.

వీసా మెడికల్ అంటే ఏమిటి?

సౌదీ, కువైట్, ఒమన్, బహ్రెయిన్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళేవారికి ఇక్కడే ఆరోగ్య పరీక్ష జరుగుతుంది. మన వాళ్ళు ఇప్పటికీ దీన్ని "గామ్కా మెడికల్" అంటున్నారు. ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ముందుగా నమోదు చేసుకుని, ఆ దేశాలు ఆమోదించిన కేంద్రంలోనే పరీక్ష చేయించుకోవాలి. ఖతార్ వెళ్ళేవారికి హైదరాబాదులోని ఖతార్ వీసా కేంద్రంలోనే వేలిముద్రలు, వైద్య పరీక్ష జరుగుతాయి. మా ఆసుపత్రి రిపోర్టు గాని, మరే ఆసుపత్రి రిపోర్టు గాని ఆ పరీక్షకు బదులుగా చెల్లదు.

ఆ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్తంలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ ఉన్నాయేమో చూస్తారు. మూత్రం, బి.పి., షుగరు, కంటి చూపు చూస్తారు. స్త్రీలకు గర్భ పరీక్ష కూడా చేస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పరీక్ష ఇక్కడితో అయిపోదు. అక్కడ దిగిన తరువాత, అకామా ఇవ్వకముందు, మళ్ళీ రక్తం తీస్తారు, మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. అందులో తప్పితే తిరుగు విమానం ఎక్కిస్తారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఇంటి దగ్గర పెరుగుతూనే ఉంటుంది.

టి.బి., ఎక్స్‌రేలో మచ్చ

ఎక్కువమంది ఆగిపోయేది ఛాతీ ఎక్స్‌రే దగ్గరే. ఊపిరితిత్తులలో టి.బి. ఉంటే అన్‌ఫిట్ అంటారు. టి.బి. పూర్తిగా నయమైనా ఊపిరితిత్తిలో మచ్చ మిగిలిపోతే, ఆ పాత మచ్చను చూసి కూడా గల్ఫ్ దేశాలు తిరస్కరించవచ్చు. ఇది మీకు కష్టంగా ఉండవచ్చు. అయినా దాచిపెట్టి మీకు ఆశ కల్పించడం మంచిది కాదు.

ఈ భయంతోనే కొందరు రెండు పొరపాట్లు చేస్తున్నారు. మొదటిది, దగ్గు ఉన్నా పరీక్షకు రాకపోవడం. "టి.బి. అని పేరు పడితే వీసా పోతుంది" అని దగ్గు మందు తాగుతూ నెలలు గడుపుతారు. ఆ నెలల్లోనే రోగం ఊపిరితిత్తిని తినేస్తుంది, మచ్చ పెద్దదవుతుంది. తొందరగా కనిపెట్టి మందులు మొదలుపెడితే మచ్చ చిన్నదిగా ఉండడానికి, ఒక్కొక్కరిలో అసలు కనిపించకుండా పోవడానికి కూడా అవకాశం ఉంది. వీసా పోతుందని ఎవరైతే దాస్తారో వారికే వీసా పోయే ప్రమాదం ఎక్కువ.

రెండవది, మధ్యలో మందులు మానడం. మా వార్డుకు ఒక సోదరుడు వచ్చాడు. రెండు నెలలు మాత్రలు వేసుకోగానే దగ్గు తగ్గింది, ఒళ్ళు వచ్చింది. ఏజెంటు తొందరపెడుతున్నాడని మాత్రలు మానేసి ప్రయాణమయ్యాడు. అక్కడి పరీక్షలో ఆపి తిప్పి పంపారు. ఇంటికి వచ్చేసరికి మామూలు మందులకు లొంగని టి.బి.గా మారింది. భార్యకు, చిన్న బిడ్డకు కూడా పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆరు నెలల్లో ముగియవలసిన వైద్యం అంతకంటే బలమైన మందులతో, ఎక్కువ కష్టంతో సాగింది.

కనుక రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం కనిపించినా వెంటనే కళ్ళె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. వైద్యం జరిగే కాలంలో పోషకాహారం కోసం ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు కూడా వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేశారు. వైద్యం పూర్తయ్యాక డాక్టరు గారి చేత "వైద్యం ముగిసింది" అనే పత్రం రాయించుకుని, మొదటి ఎక్స్‌రే, చివరి ఎక్స్‌రే రెండూ భద్రపరచుకోండి.

రక్త పరీక్షల సంగతి

హెపటైటిస్ బి ఉన్నట్లు చాలామందికి వీసా మెడికల్‌లోనే మొదటిసారి తెలుస్తుంది. మనిషి పుష్టిగా ఉంటాడు, ఏ బాధా ఉండదు. ఇది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. ఒకే కంచంలో తిన్నందువల్ల రాదు. అటువంటివారిని ఇంట్లో వేరుగా కూర్చోబెట్టవద్దు. భార్యకు, పిల్లలకు పరీక్ష చేయించి, లేనివారికి మూడు డోసుల టీకా వేయించండి. రోగి మాత్రం కాలేయాన్ని ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ టీకా వేయించుకున్న కొద్ది రోజులపాటు, రోగం లేకపోయినా రక్త పరీక్షలో ఉన్నట్లు చూపవచ్చు. అందుచేత టీకా తరువాత మూడు, నాలుగు వారాలు ఆగి మెడికల్‌కు వెళ్ళండి.

హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది. చాలామందికి 12 వారాల మందులు సరిపోతాయి. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇంజక్షన్ ఉంది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గల్ఫ్ దేశాలు పని వీసా ఇవ్వవు. కాని ఇక్కడ ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మందులు క్రమంగా వేసుకుంటే అందరిలాగే పని చేసుకుని బ్రతకవచ్చు. మెడికల్ రిపోర్టు చూసి కొడుకును గాని, కోడలిని గాని ఇంటి నుండి వెళ్ళగొట్టినవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. రిపోర్టు తీసుకుని మీరు నమ్మే డాక్టరు దగ్గరకు రండి. ఆ సంగతి మా నోటి నుండి బయటకు పోదు.

స్త్రీలు వెళ్ళేటప్పుడు

నెల తప్పి ఉంటే ఎక్స్‌రేకు ముందే చెప్పాలి. గర్భంతో ఉన్నవారు ప్రయాణం మానుకోవాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి వెళ్ళదలిస్తే, ఆ బిడ్డను చూసేదెవరో, టీకాలు వేయించేదెవరో ముందే తేల్చుకోవాలి. పదవ తరగతి పాస్ కాని, 30 సంవత్సరాలు నిండని స్త్రీలను ఇంటి పనికి గల్ఫ్‌కు పంపడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. 30 నిండినవారు కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. "విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం" అని ఎవరైనా అంటే, ఈ రక్షణ లేకుండా పంపుతున్నారని అర్థం. అక్కడ జబ్బు చేసినా, జీతం ఇవ్వకపోయినా అడిగే ఆధారం ఉండదు.

పాస్‌పోర్టు, ఏజెంటు

పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఇంటిపేరు, పేరు రెండూ సరిగా ఉన్నాయా అని చూడండి. ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని 2022 నవంబరులో ఎమిరేట్స్ ప్రకటించింది.

పదవ తరగతి పాస్ కానివారికి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. వీరు గల్ఫ్ దేశాలు, మలేషియా మొదలైన 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వపు వలస అనుమతి తీసుకోవాలి. దాన్ని వృథా ఖర్చు అనుకోకండి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినప్పుడు కుటుంబానికి 10 లక్షల రూపాయలు అందే ఏర్పాటు అది.

లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు, నంబరు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటుంది. చదువుకున్న పిల్లల చేత చూపించండి. ఏజెంటు తన సేవకు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. దానికి రసీదు అడగండి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. "మెడికల్ నేను మేనేజ్ చేస్తాను, ఫిట్ కాగితం తెప్పిస్తాను" అనే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. కాగితం మారినంత మాత్రాన ఊపిరితిత్తి మారదు.

మందులు, సామాను

బి.పి., షుగరు మందులు వాడేవారు డాక్టరు రాసిన చీటీ, ఇంగ్లీషులో రోగం పేరు ఉన్న పత్రంతోపాటు మందులను వాటి అట్టలతోనే తీసుకువెళ్ళాలి. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు, నిద్ర మాత్రలు గల్ఫ్ దేశాలలో మత్తుమందుల క్రింద కట్టుదిట్టంగా చూస్తారు. అనుమతి లేకుండా పట్టుబడితే జైలు. మన వంటింటి గసగసాలు కూడా సౌదీలో, ఎమిరేట్స్‌లో నిషేధమే. మసాలా పొడిలో కలిపి పంపవద్దు. "అక్కడ మావాడికి ఇవ్వండి" అని పొరుగువారు ఇచ్చే పొట్లం, ఎంత దగ్గరివారిదైనా, విప్పి చూడకుండా తీసుకోవద్దు.

ఇతర దేశాల మాట

పిల్లలను చదువుకు ఇంగ్లండు పంపేవారికి కూడా టి.బి. పరీక్ష ఉంది. ఆరు నెలలకు మించి ఉండడానికి వెళ్ళే భారతీయులు, ఆ దేశం ఆమోదించిన కేంద్రంలో తీసుకున్న పత్రం చూపాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కళ్ళెను కల్చర్ చేస్తారు, ఫలితానికి దాదాపు రెండు నెలలు పట్టవచ్చు. కాలేజీ తెరిచే తేదీకి చాలా ముందుగానే వెళ్ళండి. అక్కడివారు చూసేది ఇప్పుడు రోగం ఉన్నదా అని. కనుక నయమైనవారికి దారి ఉంది.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్ళేవారు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. పత్రం లేకుండా ఆ దేశాల నుండి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు వేరుగా ఉంచవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

1. ఏజెంటుకు డబ్బు ఇవ్వకముందు మామూలు ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించండి. కొద్ది ఖర్చుతో పెద్ద అప్పు తప్పుతుంది.
2. టి.బి. మందులు మొదలుపెడితే డాక్టరు ఆపమనే వరకు ఆపవద్దు.
3. అన్‌ఫిట్ అని వస్తే కారణం అడిగి తెలుసుకోండి. అది శిక్ష కాదు, వైద్యానికి పిలుపు.
4. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, బీమా పత్రాల నకళ్ళు ఇంట్లో ఉంచండి.
5. అక్కడ కష్టం వస్తే భారత రాయబార కార్యాలయానికి తెలపాలని వెళ్ళేవారికి చెప్పి పంపండి.

శిశువైన యేసును ఎత్తుకుని మరియ, యోసేపు పరదేశమైన ఐగుప్తుకు వెళ్ళవలసి వచ్చింది. వలస వెళ్ళేవారి కష్టం ప్రభువు ఎరుగనిది కాదు. వెళ్ళగలిగినవారు ఆరోగ్యంతో వెళ్ళి క్షేమంగా తిరిగి రావాలి. వెళ్ళలేకపోయినవారు ఇంటివారి మధ్య ధైర్యంతో బ్రతకాలి. ఈ మధ్యాహ్నం మీ మనిషి మంచం దగ్గరకు వెళ్ళినప్పుడు వీసా మాట కాసేపు ప్రక్కన పెట్టి, "ఈ పూట మాత్రలు వేసుకున్నావా?" అని అడగండి. మీకు ఏ సందేహం ఉన్నా మా సిస్టర్లను మొహమాటం లేకుండా అడగవచ్చు. దేవుడు మిమ్మల్ని, మీ ఇంటివారిని ఆశీర్వదించి కాపాడును గాక.