మాటలు ఆలస్యమైన బిడ్డ - మీ చేతిలోని ఫోను



నంద్యాల నుంచి, ఆళ్ళగడ్డ వైపు పల్లెల నుంచి వచ్చే తల్లులు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "రెండేళ్ళు నిండినాయి, ఇంకా అమ్మా అని కూడా అనలేదు. ఏమన్నా టానిక్కు రాస్తారా?" మాటలు తెప్పించే టానిక్కు లేదమ్మా. వస అరగదీసి నాకించినా మాటలు రావు. అది ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. "వాళ్ళ నాయనకు కూడా నాలుగేళ్ళకే మాటలొచ్చినాయి" అని అవ్వలు ధైర్యం చెబుతారు. అది నిజమే కావచ్చు. కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడి అందరితో సమానమవుతారు. అయితే మీ బిడ్డ ఆ కొందరిలో ఉన్నాడో లేడో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు.

ఏడాది నిండినా వేలు పెట్టి చూపించకపోయినా, టాటా చెప్పకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్ళకు "పాలు ఇయ్యి" వంటి రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు పోతే, అది ఏ వయసులోనైనా సరే, ఒక్క వారం కూడా ఆగవద్దు.

మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. "మా వాడికి చెవులు బాగానే వినబడతాయి, పళ్ళెం పడితే తిరిగి చూస్తాడు" అంటారు. ఆళ్ళగడ్డలో శిల్పుల ఉలి దెబ్బకు ఉలిక్కిపడే బిడ్డకు కూడా అమ్మ మెల్లగా పలికిన మాటలో సగం అక్షరాలు వినబడకపోవచ్చు. పెద్ద శబ్దం వేరు, మాట వేరు. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే ఓ.ఏ.ఈ. పరీక్ష ఉంది. అందులో అనుమానం వస్తే తలకు తీగలు అంటించి బెరా పరీక్ష చేస్తారు. రెండింటిలోనూ నొప్పి ఉండదు. మేనరికం చేసుకున్న ఇళ్ళలో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువగా కనబడుతుంది కనుక అటువంటివారు అసలు ఆలస్యం చేయరాదు. వినికిడి యంత్రం చాలని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషనుకు ప్రభుత్వ సహాయం ఉంది గాని, దానికి వయసు పరిమితి కూడా ఉంది.

ఇక ఫోను సంగతి. అన్నం తినిపించడానికి బిడ్డ చేతికి ఫోను ఇచ్చే అలవాటు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. పొలం పని, ఇంటి పని చేసుకునే తల్లిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఫోనులోని బొమ్మ ఎంత మాట్లాడినా బిడ్డ బదులు కోసం ఆగదు. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దనీ, ఆపైన రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. కువైట్‌లో ఉన్న నాయనతో వీడియో కాలు మాట్లాడటం వేరు సంగతి. ఆయన బిడ్డను చూసి బదులు చెబుతాడు కదా!

అదే ఫోనును మీరు వాడుకోండి. స్నానం చేయించేటప్పుడో, ఆడించేటప్పుడో ఫోనును ఒక డబ్బాకు ఆనించి ఐదు నిమిషాలు వీడియో తీయండి. బిడ్డ నిద్రపోయాక కూర్చుని చూడండి. "ఇదేంటి? చెప్పు, చెప్పు" అని ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టండి. బిడ్డ కిటికీ వైపు చూసి "ఊ" అన్నప్పుడు మీరు గిన్నె సర్దుతూ గమనించలేదేమో చూడండి. చాలామంది తల్లులు మొదటిసారి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఏడవవలసిన పని లేదు. మరుసటి రోజు రెండు పనులు చేయండి. ప్రశ్నలు తగ్గించి, బిడ్డ దేన్ని చూస్తే దాని పేరు చెప్పండి. చెప్పాక మనసులో పది అంకెలు లెక్కపెట్టి ఆగండి. బిడ్డ "నీళ్ళు" అంటే మీరు "చల్లని నీళ్ళు" అనండి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వారి వీడియోలనే చూపించి నేర్పే పద్ధతిని గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో పరీక్షించారు. నేర్పినవారు నిపుణులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రులు బిడ్డకు తగినట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తామే పలకరించడం కూడా పెరిగింది. ఈ ఫలితాలు 2016లో ప్రచురించారు.

మాట ఇంకా రాని బిడ్డకు ఇంట్లోని గ్లాసు, అరటిపండు, చెప్పులు ఫోటో తీసి చూపించి, కావలసినదాన్ని తాకమనండి. చెన్నైలో తయారైన అవాజ్, ఐఐటీ బొంబాయి వారి జెల్లో వంటివి ఇందుకోసమే ఉన్నాయి. బొమ్మలకు అలవాటుపడితే మాటలు ఆగిపోతాయని భయపడతారు. ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో అలా తేలలేదు. అయితే ఇవి స్పీచ్ థెరపిస్టు సలహాతో వాడవలసినవి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఎప్పుడు వస్తారో టీచరును అడిగి తెలుసుకుని బిడ్డను చూపించండి. పరీక్షకు, చికిత్సకు డబ్బు కట్టనక్కరలేదు. మా దగ్గరకు వచ్చేటప్పుడు ఇంట్లో తీసిన వీడియో తప్పక తెండి. తెల్లకోటు చూడగానే బిడ్డ అమ్మ కొంగులో దూరిపోతాడు, ఇంట్లో ఎలా ఉంటాడో మాకు తెలియదు. ఆ వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. బయలుదేరే ముందు ఫోనుకు చార్జింగు పెట్టుకోండి.