పూతకు వేళ చెప్పేదెవరు?



నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా ఈ విషయం ఎంచుకున్నానంటే కారణం మన పెరటి చిక్కుడు పాదు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉంటున్నవారిలో చాలామందికి ఇది అనుభవమే. మన ఊరి రకం విత్తనం మే నెలలో పెడతాం. ఆగస్టుకల్లా తీగ పందిరంతా అల్లుకుంటుంది. పూత మాత్రం సెప్టెంబరు దాటినా రాదు. వచ్చినా, కాయ ముదిరేలోగా మంచు పడి పాదు మాడిపోతుంది. నేల మంచిది కాదనీ, ఎరువు చాల్లేదనీ అనుకుంటాం. అసలు సంగతి పగటి నిడివిలో ఉంది.

చిక్కుడు, గోంగూర, వరి వీటిలో మన పాత రకాలు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకొస్తాయి. విజయవాడలో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు సుమారు 13 గంటలు. షికాగోలో జూన్ నెలలో 15 గంటల పైమాటే.

మొక్క ఈ లెక్క ఎలా కడుతుంది? వరిలో దీన్ని బాగా పరిశోధించారు. పగటిని కొలిచేది ఆకు. వెన్ను పుట్టవలసింది మొవ్వులో. ఈ రెంటి మధ్య కబురు మోసే పదార్థమేదో ఉందని సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ 1937లో దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. వరిలో అది హెచ్‌డి3ఎ అనే ప్రోటీన్ అని జపాన్ శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. అంటే 70 ఏళ్ళు పట్టింది.

ఆకులో హెచ్‌డి1 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. పగలు తగ్గినప్పుడు అది ఫ్లోరిజెన్ తయారీకి తోడ్పడుతుంది. పగలు ఎక్కువగా ఉన్నప్పుడు జిహెచ్‌డి7 అనే ప్రోటీన్ వచ్చి దానితో జతకడుతుంది. అంతే, అదే హెచ్‌డి1 పూతకు అడ్డం తిరుగుతుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళు ఊరికే అనలేదు!

ఇక ఫ్లోరిజెన్ మొవ్వు చేరినా ఒంటరిగా ఏమీ చెయ్యలేదు. అక్కడ 14-3-3 అనే ప్రోటీన్ దాన్ని అందుకుంటుంది. రెండూ కలిసి కణ కేంద్రకంలోకి వెళ్ళి ఎఫ్‌డి1 అనే మూడోదాన్ని కలుస్తాయి. ఈ మూడూ కలిస్తేనే పూతకు కావలసిన జన్యువులు పని మొదలుపెడతాయి. ఈ సంగతి 2011లో తేలింది. మూడు తాళంచెవులు పెడితేగాని తెరుచుకోని ఇనప్పెట్టె అనుకోండి.

ఇదంతా తెలిసి లాభమేమిటంటారా? పూత రోజు తేలితే కోత రోజు తేలుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 పగటి నిడివిని పట్టించుకోదు, సుమారు 130 రోజుల్లో కోతకొస్తుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని సాగుచేసి చూపించారు. ఇలాంటి వంగడాలు సార్వాకూ, దాళ్వాకూ కూడా పనికొచ్చాయి. తిండిగింజలకు దేశం వెతుక్కుంటున్న రోజులవి. అప్పట్లో పైరు పూసేదాకా కాచుకుని చూసి ఎంచుకునేవారు. ఇప్పుడు మొలకలోని జన్యువులు చూసే అది ఎప్పుడు పూస్తుందో అంచనా వేస్తున్నారు.

చివరగా ఒక్క మాట. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుళ్ళు పగటి నిడివితో నిమిత్తం లేకుండా కాస్తాయి. ఇక్కడి వ్యవసాయ శాఖ నిబంధనలు చూసుకుని అలాంటి రకం తెప్పించుకోండి. వచ్చే ఏడు మీ ఇంట చిక్కుడుకాయ కూరకు లోటుండదని ఆశిస్తూ, సెలవు.