ఆనందరంగ పిళ్ళై దినచర్య: ఒక గృహస్థు, ఒక దుబాసీ



పుదుచ్చేరితో తెలుగువారికి గల చుట్టరికమేమని ఎవరైన అడిగినచో, మొదట యానాము పేరు చెప్పుట సహజము. యానాము తెలుగు గడ్డ. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుండి విడివడినను, పరిపాలన విషయమున నేటికిని ఈ పట్టణముతోనే ముడివడియున్నది. అయితే అంతకు రెండువందల యేండ్లు ముందుగనే ఈ యూర నొక తమిళ గృహస్థు తెలుగు కవి నాదరించి కృతిపతి యయ్యెను. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ పేరు మన లక్షణ గ్రంథముల పరిచయము గలవారు విననిది కాదు. గ్రంథము పేరు తెలిసినవారు కలరు గాని, ఆ పేరులోని ఆనందరంగడెవ్వరని విచారించినవారు తక్కువ. పుదుచ్చేరి రంగపిళ్ళై వీథికి పేరిచ్చినవాడును ఆతడే. అంగడి సందడిని ఆనుకొని ఆతని మేడ ఇప్పటికిని నిలిచియున్నది.

ఆనందరంగ పిళ్ళై 1709లో మదరాసు సమీపమునందలి పెరంబూరున జన్మించెను. యాదవ కులజుడు, వైష్ణవుడు. తండ్రి తిరువేంగడం పిళ్ళై వర్తకుడు. బంధువైన నైనియప్ప పిళ్ళై ఫ్రెంచి కంపెనీ కొలువున ఉన్నత స్థానమున నుండుటచే ఆ కుటుంబము పుదుచ్చేరికి వచ్చి స్థిరపడెను. నైనియప్ప కంపెనీకి ముఖ్య దుబాసీ. దుబాసీయన కేవలము ఒక భాషనుండి మరియొక భాషకు మాట మార్చువాడని తలపరాదు. కంపెనీకి సరకు కూర్చుట, వర్తకులకు పూచీ పడుట, నవాబులకు ఉత్తరములు వ్రాయించుట, ఊరి కులపెద్దల తగవులు విని గవర్నరునకు విన్నవించుట, ఇవన్నియు ఆతని నెత్తిననే పడెడివి. నేటి కార్యాలయ భాషలో చెప్పవలెనన్న, నాలుగు శాఖల కాగితములు ఒక్క బల్లమీదికి వచ్చినట్లు.

ఆ పదవికి ఎంత గౌరవమో అంత గండము. 1716లో గవర్నరు హెబేర్ కాలమున నైనియప్పను పట్టి విచారించి, కొరడా దెబ్బలు, కారాగారము, ఆస్తి జప్తు శిక్షగా విధించిరి. 1717లో ఆతడు చెరలోనే మరణించెను. కుమారుడు గురువప్ప సముద్రము దాటి ఫ్రాన్సుకు పోయి, తండ్రికి పడిన మచ్చను తుడుచుటకు పాటుపడెను. అక్కడ క్రైస్తవము స్వీకరించి, రాజసన్మానమంది, తిరిగివచ్చి దుబాసీయై 1724లో గతించెను. ఇదంతయు జరుగునప్పటికి ఆనందరంగడు పిల్లవాడు. కొలువు కూడు పెట్టును, ఒక్కొక్కప్పుడు కొంపయు కూల్చును అను సంగతి ఆ బాలునకు ఎవ్వరును ప్రత్యేకించి బోధింపవలసిన పని లేకపోయెను. ఆతడు పెద్దవాడైన పిదప నడచిన నడతలో ఈ భయము ఛాయ తరచు కానవచ్చుచున్నది.

1736 సెప్టెంబరు 6న ఆతడు దినచర్య వ్రాయ నారంభించెను. తాను చూచినదియు, చెవిని బడినదియు, ఓడల రాకపోకలును, వింతలును వ్రాసియుంచుకొందునని మొదటనే చెప్పుకొనినాడు. తమిళమున వ్రాసిన ఆ పుస్తకమును ఆతడు బ్రతికియుండగా లోకము చూడలేదు. 1846లో గాల్వా మోంబ్రూన్ అను ఫ్రెంచి అధికారి కంటబడిన పిమ్మటనే దాని విలువ తెలియవచ్చెను. 1904 మొదలు 1928 వరకు మదరాసు ప్రభుత్వ ముద్రణాలయము దానికి ఇంగ్లీషు అనువాదమును 12 సంపుటములుగా వెలువరించెను. మొదటి మూడింటికి ప్రైసు, రంగాచారి గారలును, తక్కినవానికి డాడ్‌వెల్‌ను సంపాదకులు.

చరిత్రకారులు ఈ సంపుటములలో డూప్లే యుద్ధములను వెదకుకొందురు. అవి పుష్కలముగా దొరకును. కాని సంసారి యొకడు చదివినచో దృష్టి మరియొక చోట నిలుచును. గవర్నరు చెప్పిన మాట, గుడ్డల బేరము, ఒంటి నలత, బంధువుల రాక, జ్యోతిష్కుడు చెప్పిన గ్రహస్థితి, ఇవన్నియు ఒకే దారమున గ్రుచ్చినట్లు వచ్చుచుండును. ఆతని భార్య మంగతాయి చెంగల్పట్టు ప్రాంతపు శేషాద్రి పిళ్ళై కుమార్తె. వారికి కుమార్తెలును కుమారులును కలిగిరి. ఇది ఇంటి సంగతి, ఇది రాజ్య సంగతి యని ఆతడు పుటలు వేరుచేయలేదు. వేరుచేయుటకు వీలును లేదు. గవర్నరు ముఖము చిట్లించిన దినమున ఆ మేడలో అన్నము సహించెడిదా?

1740 మే నెలలో మన చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమవద్ద మరాఠాలతో పోరి ఆర్కాటు నవాబు దోస్త్ అలీ హతుడయ్యెను. నవాబు కుటుంబము ప్రాణభీతితో పుదుచ్చేరి కోట వాకిటికి వచ్చెను. గవర్నరు డ్యూమా తలుపులు తెరిపించి ఆశ్రయమిచ్చెను. మరాఠాలు బెదరించినను వారిని అప్పగింపలేదు. నేడు పత్రికలలో శరణార్థుల వార్తలు చదువువారికి ఈ ఘట్టము క్రొత్తగా తోపదు.

ఆనందరంగనికి ముందు ముఖ్య దుబాసీగా నున్న కనకరాయ ముదలి క్రైస్తవుడు. ఆతని ఏకైక కుమారుడు 1739లో మరణించెను. ఆ బిడ్డ జ్ఞాపకార్థము కనకరాయడు ఒళుకరైలో చర్చి కట్టించి, 1745లో గొప్ప విందు చేసెను. బ్రాహ్మణులు మొదలు అన్ని కులములవారిని పిలిచి, ఎవరి ఆచారమునకు తగినట్లు వారికి వేరువేరుగా భోజనపు టేర్పాట్లు చేయించెను. గవర్నరు డూప్లేయు వచ్చెను. ఆనందరంగడు దీనిని గురించి వ్రాయుచు కొంత ముఖము ముడుచుకొనెను. ఆచారము ఒక మతమునకు, కట్టడము మరియొక మతమునకు చెందినదై రెంటికిని పొసగలేదని ఆతని అభిప్రాయము. ఇరువురి నడుమ కొలువునందలి పోటీ యుండెనను మాట ఇచట మరువరాదు. నేడు చదువువారికి మాత్రము ఆ విందులో మతముకంటె ముందు ఒక తండ్రి దుఃఖము కానవచ్చును. బిడ్డను పోగొట్టుకొన్నవాడు, ఊరివారందరును ఒక్కనాడైన తన యింట చేయి కడుగవలెనని కోరుకొనినాడు. అంత చురుకైన కన్నుగల ఆనందరంగనికి ఇది కనబడకపోవుట వింత.

ఈ సందర్భమున ఆతని లోపములను గూడ దాచనక్కరలేదు. కులాభిమానము మిక్కుటము. డూప్లే భార్య జాన్ మీద ఆతడు వ్రాసిన మాటలు పరుషములు. ఆమె ఈ గడ్డమీదనే పుట్టి, తమిళము తెలిసి, దుబాసీల వ్యవహారములలో స్వయముగా జోక్యము చేసికొనునది యగుటచే వానికి కంటగింపయ్యెను. ఇక డూప్లే యెదుట ఆతడు పలికిన స్తోత్రములు నేటి వినువారికి ఎబ్బెట్టుగనే తోచును.

1746లో కనకరాయడు మరణించెను. ఆ పదవి క్రైస్తవునికే ఈయవలెనని పట్టుబట్టినవారు ఉండిరి. ఆనందరంగడు మతము మారలేదు. మారినచో దారి సుగమమగునని ఎరుగనివాడు కాడు. గురువప్ప ఉదాహరణము ఇంటిలోనే కలదు. అయినను ఓర్చుకొని, పని చేయుచు వేచియుండి, 1747లో ముఖ్య దుబాసీ యయ్యెను. నుదుట నామము ధరించియే ఆ గౌరవమందిన తృప్తి ఆతనికి ఎంతయో ఉండవలెను. అది త్వరలోనే పరీక్షకు గురియయ్యెను.

వేదపురీశ్వరుని ఆలయము జెస్యూటుల చర్చి ప్రక్కనే యుండెడిది. దానిని తొలగింపవలెనను ప్రయత్నములు క్రొత్తవి కావు. 18వ శతాబ్ది ఆరంభముననే అట్టి యత్నము జరుగగా, నేతపనివారును వర్తకులును ఊరు విడిచిపోవుదుమని లేచిరి. జనము పోయినచో మగ్గములు ఆగును, మగ్గములు ఆగినచో ఓడలు వట్టివై తిరిగిపోవును. కంపెనీ వెనుకకు తగ్గెను. 1746లో దేవాలయమున అపవిత్ర వస్తువులు వేయించిన సంఘటనలను ఆనందరంగడు నమోదు చేసెను. అటుపై 1748 ఆగస్టులో ఆంగ్ల నౌకాధిపతి బాస్కవెన్ వచ్చి పట్టణమును ముట్టడించెను. సెప్టెంబరులో, ముట్టడి సందడిలో, గుడిని పడగొట్టుటకు ఉత్తర్వయ్యెను. కూలీలును తాపీపనివారును గునపములతో వచ్చిరి. భక్తులు కొన్ని విగ్రహములను, వాహనములను కాళహస్తీశ్వరాలయమునకు చేర్చుకొనగలిగిరి. తక్కినది నేలగూలెను.

ఈసారి ఊరు విడిచిపోవుదుమని బెదరించుటకు దారి లేదు. కోటకు వెలుపల శత్రువు. అందుచేతనే ఈ అదను చూచుకొనిరని తలచుటలో తప్పులేదు. కులపెద్దలు దుబాసీ వద్దకు వచ్చిరి. స్వమతస్థుడు, గవర్నరునకు కుడిభుజము, ఆతడే కాపాడలేనిచో ఇంకెవ్వరు? ఆతడు కాపాడలేదు. ఏబదియేండ్లుగా సాగని పని నేడు సాగెనని ఆతడు విలపించి వ్రాసికొనెను. గవర్నరు భార్యను, పాదరీలను దూషించెను. ఊరి పెద్దలలో ఐకమత్యము లేదని వారిని గూడ నిందించెను. మరునాడు యథాప్రకారము కొలువునకు పోయెను.

దీనికే కొందరు పిరికితనమని పేరు పెట్టుదురు. అంత తేలికగా తేల్చుట న్యాయము కాదు. ఆతని భార్యాబిడ్డలు ముట్టడిలోనున్న ఊర నుండిరి. సొమ్మంతయు కంపెనీ వ్యవహారములలో చిక్కుకొనియుండెను. నైనియప్ప చావు ఆతనికి కథ కాదు, ఇంటి చరిత్ర. అట్లని ఆతడు చేయగలిగినదంతయు చేసెననియు చెప్పజాలము. గవర్నరునకు అత్యవసరమైన సమయమున దుబాసీ మాటకు విలువ యెక్కువ. ఆ విలువను ఆతడు ఖర్చుపెట్టలేదు. పదవి పోవునను భయమున పదవికిగల బలమును వాడకుండుట ఆ కాలపు దుబాసీలకే పరిమితమైన జబ్బు కాదని సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఆతడు చేసిన మేలు ఒకటి కలదు. జరిగినదానిని జరిగినట్లు, తన అసమర్థతతో సహా, ఇంటిలో పుస్తకమున వ్రాసిపెట్టెను. అది బయటపడినచో తల పోవునని తెలిసియే వ్రాసెను. ఆ ఆలయము పిమ్మట వేరొక చోట వెలసి, నేడు ఈశ్వరన్ కోవిల్ వీథిలో పూజలందుకొనుచున్నది. పాత గుడి యెట్లు కూలెనో తెలిసికొనుటకు మాత్రము ఆతని పుటలే ముఖ్యాధారము.

1754లో డూప్లేను ఫ్రాన్సుకు పిలిపించిరి. 1756లో గవర్నరు లేరీ కాలమున ఆనందరంగని పదవియు పోయెను. ఎవ్వని కొలువు నిలుపుకొనుటకు అంత మౌనము వహించెనో, ఆ కొలువు అంతటితో సరి. ఆరోగ్యము చెడెను, బాకీలు రాలేదు. అయినను కలము నిలువలేదు. 1757 జనవరిలో బుస్సీ సేనలు బొబ్బిలి కోటను ముట్టడించిననాటికి ఈ వృద్ధుడు, వృద్ధుడన్న మాటేగాని ఏబదియైనను నిండనివాడు, పుదుచ్చేరిలో ఇంటిపట్టున నుండి విన్న వార్తలు వ్రాసికొనుచునే యుండెను. వెనుకటివలెనే గ్రహములను చూచుకొనెను, దైవము మీద భారము వైచెను. అధికారమున్నప్పటి భక్తికంటె అది లేనప్పటి భక్తి నిలుకడగలదిగా తోచుచున్నది.

1760లో ఐర్ కూట్ నాయకత్వమున ఆంగ్లేయులు మరల పుదుచ్చేరిని చుట్టుముట్టిరి. లోపల తిండిగింజలు కరవయ్యెను. సేనాపతి లాలీ దేశీయులను వందలకొలది కోట వెలుపలికి గెంటించెను. వారు రెండు సేనల నడుమ చిక్కుకొని అలమటించిరి. మంచమున పడిన ఆనందరంగడు 1761 జనవరిలో, పట్టణము శత్రువుల వశమగు దినములలోనే కన్నుమూసెను. 16న పుదుచ్చేరి లొంగిపోయెను. విజేతలు కోటను, ఊరిలో పెద్దభాగమును నేలమట్టము చేసిరి.

ఆ శిథిలముల నడుమ ఆతని సోదరుని కుమారుడు తిరువేంగడం పిళ్ళై పెదతండ్రి పుస్తకపు వరుస నందుకొని, ఊరి సంగతులు, ఇంటి సంగతులు మునుపటివలెనే వ్రాయ మొదలుపెట్టెను.